గట్టు ఎవరు వేశారు?

మా ఊళ్లో రెండు చేల మధ్య గట్టు జానెడు జరిగిందంటే సర్వేయరు రావాలి, గొలుసు పట్టాలి, పక్క చేలవాళ్లు సాక్ష్యానికి నిలవాలి. కొరియా దేశాన్ని రెండుగా కోసిన గట్టుకు ఆపాటి మర్యాద కూడా దక్కలేదు.

1945 ఆగస్టులో జపాను లొంగిపోతున్న వేళ, వాషింగ్టనులో డీన్ రస్క్, చార్లెస్ బోన్‌స్టీల్ అనే ఇద్దరు సైనికాధికారులు పటం ముందేసుకుని సుమారు అరగంటలో 38వ అక్షాంశ రేఖను ఎంచారు. (రస్క్ గారు తర్వాత విదేశాంగ మంత్రి అయ్యారు లెండి!) రేఖకు ఉత్తరాన సోవియట్ సేనలు, దక్షిణాన అమెరికా సేనలు. 35 ఏళ్లు జపాను కాడి మోసిన ప్రజలను అడిగిన నాథుడు లేడు. దక్షిణం వాటాకు వచ్చిన ఓంగ్జిన్ ద్వీపకల్పానికి దక్షిణం నుంచి నేల దారే లేకపోయింది. పడవెక్కాల్సిందే!

సిద్ధాంతాలు వేరు గనుక దేశం చీలిందని చాలామంది అంటారు. నేనొప్పుకోను. భేదాలు జపాను కాలం నుంచీ ఉన్నాయి, నిజమే. కాని అవి ఊరూరా ఉండేవి. ఒక గీతకు అటొకటి, ఇటొకటి సర్దుకు కూర్చోలేదు. గీత ముందు పుట్టింది, రెండు ప్రభుత్వాలు 1948లో పుట్టాయి.

నేలను చూస్తే ఇంకా బాధేస్తుంది. ఉత్తరాన కొండలు, గనులు, యాలూ నది మీద సుపుంగ్ జలవిద్యుత్తు. హుంగ్నామ్ ఫ్యాక్టరీలో ఆ కొండ ఏళ్ల కరెంటుతో నీటిని విడదీసి హైడ్రోజను తీసేవారు, దానితో అమ్మోనియా, దానితో ఎరువు. వరిపొలాలు ఎక్కువగా ఉన్నది దక్షిణాన. కరెంటు ఒకరిది, కంకి ఒకరిది అయిపోయింది. 1948 మే 14న ఉత్తరం కరెంటు ఆపేసింది.

రైతు కోరింది మాత్రం రెండు వైపులా ఒక్కటే, దున్నేవాడికి భూమి. ఉత్తరాన 1946లో ఉచితంగా పంచి, 1958 నాటికి సమష్టి క్షేత్రాల్లో కలిపేశారు. దక్షిణాన 1950లో, ఏటా పంటలో 30 శాతం చొప్పున ఐదేళ్లు కట్టే పద్ధతిన ఇచ్చారు. నాకడిగితే రెండోదే మేలు. కాని ఆ జూన్‌లోనే యుద్ధం వచ్చిపడింది.

1953 జూలై 27న కుదిరింది కాల్పుల విరమణే, శాంతి ఒప్పందం నేటికీ లేదు. 2024 అక్టోబరులో ఉత్తరం అటూ ఇటూ కలిపే రోడ్లను కూడా పేల్చేసింది. నాలుగు కిలోమీటర్ల వెడల్పున్న ఆ నిస్సైనిక పట్టీలో, దక్షిణం వైపు తేసాంగ్‌డాంగ్ అని ఒక్క ఊరు మిగిలింది. అక్కడి రైతులు ఇప్పటికీ సైనికుల కాపలాలోనే వరి పండించుకుంటున్నారు.