ఒకే తీగపై దీవులు: అండమాన్‌కు రేడియో తయారుచేసే చేతులు ఎందుకు కావాలి?

చెన్నై నుంచి బంగాళాఖాతం అడుగున దాదాపు 2,300 కిలోమీటర్ల పొడవున వేసిన ఆప్టికల్ ఫైబర్ కేబుల్‌ను 2020 ఆగస్టు 10న ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు. సుమారు రూ.1,224 కోట్ల ఖర్చుతో పూర్తయిన ఈ ప్రాజెక్టుతో పోర్ట్ బ్లెయిర్‌కు, స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్, లాంగ్ ఐలాండ్, రంగత్‌లకు వేగవంతమైన ఇంటర్నెట్ అందింది. అంతకుముందు దీవులకు ఖరీదైన, పరిమితమైన ఉపగ్రహ లింకులే దిక్కు. ఈ కేబుల్ అక్కడి జీవితాన్ని మార్చిందనడంలో సందేహం లేదు.

అయితే కేబుల్ వచ్చిన సంబరంలో ఒక ప్రశ్న మరుగున పడింది. అది తెగిన రోజు ఏం చేయాలి?

ఇది ఊహించి అడుగుతున్న ప్రశ్న కాదు. పసిఫిక్ దీవుల దేశం టోంగాను బయటి ప్రపంచంతో కలిపే సముద్రగర్భ కేబుల్ 2022 జనవరి 15న అగ్నిపర్వత విస్ఫోటనంతో తెగిపోయింది. దాన్ని బాగుచేయడానికి సుమారు ఐదు వారాలు పట్టింది. అండమాన్ నికోబార్ దీవులు కూడా భూకంపాలు పుట్టే భూఫలకాల అంచున ఉన్నాయి. దేశంలో క్రియాశీలంగా ఉన్న ఏకైక అగ్నిపర్వతం బారెన్ ఐలాండ్ కూడా అక్కడే ఉంది.

ఈ ప్రశ్నకు సమాధానం 20 ఏళ్ల కిందటే ఆ దీవుల్లో ఒకసారి దొరికింది. ఆ సమాధానానికి హైదరాబాద్‌తో గట్టి సంబంధం ఉంది.

2004 డిసెంబర్ 26న ఏం జరిగింది?

హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ 2004 డిసెంబరులో పోర్ట్ బ్లెయిర్ వెళ్లారు. ఆ నగరం పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారింది. అమెచ్యూర్ రేడియోను అభిరుచిగా నడిపేవారిని హ్యామ్‌లు అంటారు. భద్రతా కారణాలతో అండమాన్ నుంచి హ్యామ్ ప్రసారాలకు ప్రత్యేక అనుమతి కావాలి. 1987 తర్వాత అక్కడి నుంచి అలాంటి సంకేతం వినిపించలేదు. అందుకే ‘వీయూ4ఆర్‌బీఐ’ అన్న ఆమె కాల్‌సైన్ కోసం ప్రపంచమంతా హ్యామ్‌లు ఎదురుచూశారు. అప్పటికి అదొక సరదా కార్యక్రమం మాత్రమే.

డిసెంబర్ 26 ఉదయం ఆరున్నర గంటల సమయంలో సుమత్రా తీరంలో 9.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఆ తర్వాత సునామీ దీవులను ముంచెత్తింది. కార్ నికోబార్ వైమానిక స్థావరం ధ్వంసమైంది. దేశానికి దక్షిణాన చిట్టచివర ఉన్న ఇందిరా పాయింట్ వద్ద భూమి నాలుగు మీటర్లకు పైగా కుంగింది. అక్కడి లైట్‌హౌస్ పాదం నీటిలోకి వెళ్లిపోయింది. ఫోన్లు, విద్యుత్ దెబ్బతిన్నాయి.

అప్పుడు భారతి స్టేషన్ సహాయ కేంద్రంగా మారింది. దీవుల్లో చిక్కుకున్నవారి క్షేమ సమాచారాన్ని రేడియో ద్వారా ప్రధాన భూభాగంలోని హ్యామ్‌లకు చెబితే, వారు ఆ కుటుంబాలకు చేరవేశారు. తర్వాత కార్ నికోబార్‌లోనూ హ్యామ్ స్టేషన్ ఏర్పాటై, పోర్ట్ బ్లెయిర్‌తో సంబంధం కుదిరింది.

తెలుగువారికి ఇది దూరపు కథ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వారిలో చాలామంది మూలాలు ఉత్తరాంధ్రలో ఉన్నాయి. దీవుల నుంచి కబురు ఆగిపోతే శ్రీకాకుళం, విశాఖ ఊళ్లలో ఎన్నో ఇళ్లకు నిద్ర ఉండదు.

గమనించాల్సిన విషయం మరొకటి ఉంది. ఆ రోజు భారతి అక్కడ ఉండటం యాదృచ్ఛికం. అనుమతి ఒక నెల ఆలస్యమైనా ఆ స్టేషన్ అక్కడ ఉండేది కాదు. ఒక వ్యవస్థ చేయాల్సిన పనిని అదృష్టం చేసిపెట్టింది.

టవర్ లేకుండా వెయ్యి కిలోమీటర్లు

మొబైల్ ఫోన్ మాట్లాడాలంటే టవర్, దాని వెనుక కేబుల్, దానికి కరెంటు ఉండాలి. 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే షార్ట్‌వేవ్ రేడియోకు మధ్యలో ఇవేవీ అక్కర్లేదు. దాని తరంగాలు పైకి వెళ్లి, అయనోస్ఫియర్ పొరకు తగిలి మళ్లీ నేలకు దిగుతాయి. 7 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో దాదాపు 20 మీటర్ల తీగను రెండు కొబ్బరి చెట్ల మధ్య కట్టి, 12 వోల్టుల బ్యాటరీకి రేడియోను తగిలిస్తే స్టేషన్ సిద్ధం. పోర్ట్ బ్లెయిర్ నుంచి 1,200 కిలోమీటర్లకు పైగా దూరంలోని విశాఖకో చెన్నైకో మాట చేరుతుంది. 500 కిలోమీటర్లకు పైగా దూరంలోని గ్రేట్ నికోబార్‌కూ చేరుతుంది.

దీనికి పరిమితులు లేకపోలేదు. పది వాట్ల గొంతు ఎప్పుడూ స్పష్టంగా వినిపించదు. పగటికి, రాత్రికి బ్యాండ్ మారాలి. వీడియో కాల్, బ్యాంకు లావాదేవీ దీనితో కుదరవు. కేబుల్‌కు ఇది ప్రత్యామ్నాయం కాదు. అయితే ‘బతికే ఉన్నాం, మందులు కావాలి, జెట్టీ పోయింది’ వంటి మూడు ముక్కలు చెప్పడానికి ఇది చాలు. విపత్తు తొలి రోజుల్లో కావాల్సినవి ఆ మూడు ముక్కలే.

కుళాయి వాషర్లతో ట్రాన్స్‌మిటర్

ఒకప్పుడు ఇలాంటి రేడియో కొనాలంటే విదేశీ కంపెనీలకు లక్షకు దగ్గరగా, కొన్నిసార్లు అంతకు మించి చెల్లించాల్సి వచ్చేది. హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ 2003లో ‘బిట్‌ఎక్స్’ పేరుతో ఒక డిజైన్‌ను అందరికీ ఉచితంగా ఇచ్చారు. బంజారాహిల్స్‌లోని సాంస్కృతిక వేదిక ‘లామకాన్’ వ్యవస్థాపకుల్లో ఒకరిగానూ ఆయన నగరవాసులకు తెలుసు.

ఆ డిజైన్ గొప్పతనమంతా విడిభాగాల ఎంపికలోనే ఉంది. ప్రత్యేకమైన ఫెర్రైట్ రింగులు ఇక్కడ దొరకవు కాబట్టి, కొన్ని కాయిల్స్‌ను కుళాయిలో వేసే ప్లాస్టిక్ వాషర్లపై చుట్టారు. రేడియో షాపులో చవగ్గా దొరికే క్రిస్టల్స్‌తో ఫిల్టర్ తయారైంది. విద్యుత్ సర్క్యూట్లలో స్విచ్‌లా వాడే ఐఆర్‌ఎఫ్510 ట్రాన్సిస్టర్‌తో సంకేతాన్ని ఆరు వాట్ల వరకు పెంచారు. ఒక పనికోసం పుట్టిన వస్తువును మరో పనికి ఒప్పించడమే హార్డ్‌వేర్ హ్యాకింగ్. కోఠి గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో తిరిగే విద్యార్థి కూడా చేయగలిగిన పని ఇది.

2016లో బిట్‌ఎక్స్40, 2017 చివర్లో మైక్రో బిట్‌ఎక్స్ కిట్లుగా వచ్చాయి. మైక్రో బిట్‌ఎక్స్‌లో బోర్డును నడిపించేది అందరికీ తెలిసిన ఆర్డుయినో. మొదట్లో దాని ధర 109 డాలర్లు. హైదరాబాద్‌లో మహిళల బృందం చేత్తో కాయిల్స్ చుట్టిన ఈ బోర్డులు అనేక దేశాలకు వెళ్లాయి. సర్క్యూట్, సాఫ్ట్‌వేర్ రెండూ బహిరంగంగా ఉండటంతో కొన్నవారే వాటిని మార్చి, మెరుగుపరిచి, ఆ మార్పులను మళ్లీ పంచుకున్నారు.

ఇది దీవులకు ఎందుకు ముఖ్యం? అక్కడ ఉప్పుగాలి, తేమ ఏ పరికరాన్నీ ఎక్కువ కాలం బతకనివ్వవు. విడిభాగం కావాలంటే విశాఖ, చెన్నై, కోల్‌కతా నుంచి ఓడ రావాలి, లేదా విమానం. సీల్ వేసిన ఖరీదైన సెట్ చెడిపోతే సర్వీస్ సెంటర్ సముద్రానికి అవతల ఉంటుంది. స్వయంగా రేడియో చేసినవారికి ఏ భాగం కాలిందో తెలుస్తుంది. పాత టీవీ నుంచో, ఇన్వర్టర్ నుంచో తీసిన భాగంతో పని నడిపించగలరు. విపత్తులో అక్కరకొచ్చేది బీరువాలో ఉన్న పరికరం కాదు, దాన్ని విప్పి బిగించగల మనిషి.

అనుమానం కూడా నిజమే

అయితే ప్రభుత్వ భయాలకు కారణాలు లేకపోలేదు. 2024 నవంబరులో అండమాన్ సముద్రంలో మయన్మార్ పడవ నుంచి ఐదు టన్నులకు పైగా మెథాంఫెటమైన్‌ను తీరరక్షక దళం పట్టుకుంది. ఆ పడవలో స్టార్‌లింక్ పరికరం దొరికిందని పోలీసులు చెప్పారు. అనుమతి లేని వాకీటాకీల ఆన్‌లైన్ అమ్మకాలపై 2025లో కేంద్రం ప్రత్యేక మార్గదర్శకాలు తెచ్చింది. నౌకాదళానికి, వ్యూహాత్మక ప్రయోజనాలకు కీలకమైన దీవుల్లో ఎవరు ఏ సంకేతం పంపుతున్నారో తెలియాలనడం సహేతుకమే.

కానీ హ్యామ్ అజ్ఞాత వ్యక్తి కాదు. 12 ఏళ్లు నిండినవారెవరైనా పరీక్ష రాసి, పోలీసు విచారణ దాటి, కేంద్ర టెలికాం శాఖ నుంచి లైసెన్స్ తీసుకోవాలి. ప్రసారంలో తన కాల్‌సైన్ చెప్పాలి. రహస్య సంకేత భాష వాడకూడదు. ఆ మాటలు ఎవరైనా వినవచ్చు. స్మగ్లర్ కోరుకునేదానికి ఇది పూర్తిగా వ్యతిరేకం. ఇద్దరినీ ఒకే గాటన కడితే నష్టపోయేది చట్టాన్ని పాటించేవారే.

చేయదగినవి ఏమిటి?

ఇందుకు కొత్త సంస్థలేవీ అక్కర్లేదు. నీతి ఆయోగ్ కింద దేశంలో పదివేల అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు ఉన్నాయి. ఐదేళ్లలో మరో 50 వేలు పెడతామని 2025 బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించింది. ఒక్కో ల్యాబ్‌కు రూ.20 లక్షల వరకు గ్రాంటు ఇస్తున్నారు. దీవుల బడుల్లో ఆ ల్యాబ్‌లలో బల్బులు వెలిగించే ప్రాజెక్టులతోపాటు షార్ట్‌వేవ్ రిసీవర్ తయారీనీ చేర్చవచ్చు. వినడానికి మాత్రమే పనికొచ్చే సెట్‌తో మొదలుపెడితే భద్రతా అభ్యంతరమూ తక్కువే.

ఆ తర్వాతి మెట్టు లైసెన్స్. పోర్ట్ బ్లెయిర్‌లోని అంబేడ్కర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో క్లబ్ స్టేషన్ పెట్టి, జిల్లా విపత్తు నిర్వహణ యంత్రాంగం పర్యవేక్షణలో నడపవచ్చు. కార్ నికోబార్, క్యాంప్‌బెల్ బే వంటి చోట్ల స్థానికులకే శిక్షణ ఇవ్వాలి. వారానికోసారి కేబుల్ లేదనుకుని ప్రధాన భూభాగంతో మాట్లాడే కసరత్తు చేయాలి. హైదరాబాద్‌లో శిక్షణ ఇచ్చే సంస్థ ఉంది, చవకైన డిజైన్ ఉంది, అనుభవమూ ఉంది.

గ్రేట్ నికోబార్‌లో వేల కోట్లతో ఓడరేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్ ప్రణాళికలు ముందుకు కదులుతున్నాయి. వాటిపై పర్యావరణ వివాదం వేరే చర్చ. అవి పూర్తయితే 2004లో భూమి కుంగిన ఆ దీవిపై జనం ఎన్నో రెట్లు పెరుగుతారన్నది మాత్రం స్పష్టం. వేల కోట్ల ప్రణాళికలో కొన్ని లక్షల ఖర్చుతో నడిచే రేడియో శిక్షణకు చోటు లేకపోవడానికి డబ్బు కారణం కాజాలదు. 2004లో అనుమతి సమయానికి వచ్చింది. వచ్చే విపత్తు ఆ అనుమతి కోసం ఆగదు.