నల్లతెరలో మన రెండు లిపులు

తెలుగు పాఠాలు చెప్పుకొనేవారికి కంప్యూటరు గదిలో పనేమిటని మిత్రులు మమ్మల్ని పరిహసిస్తూ ఉంటారు. పని ఉన్నది. నిరుడు జరిగిన ఒక సంఘటన మమ్మల్ని ఆ గదిలోనికి నడిపించింది.

మా విద్యార్థిని ఒకామె గద్వాలలో మగ్గాల ఇండ్ల చుట్టూ తిరిగి నేతపని మాటలు సేకరించింది. పడుగు, పేక, నాడె, అచ్చు - ఇట్లా 70కి పైగా. ప్రతి మాటకు ఎదురుగా ఉర్దూ మాట చేర్చింది: పడుగుకు తానా, పేకకు బానా. ఆ జాబితాను వేరొకచోట, ఆజ్ఞలు టైపు చేసే నల్లతెరపై తెరవగా అక్షరాలు మాయమై, కోణపు గుర్తుల నడుమ 'ఈ0, బీ0, 85' వంటి ముక్కలు తెరలకు తెరలుగా దొర్లిపోయినవట. ఫైలు చెడిపోయిందని అక్కడివారు తీర్పు చెప్పినారు. ఆమె నమ్మింది. జ్ఞాపకమున్నంత మేరకు ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసుకొని, అసలు ప్రతిని చెరిపివేసింది.

ఫైలు చెడలేదు. ఆ మూడు ముక్కలు కలిస్తే మన 'అ'కారమే. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు, ఉర్దూది 2 బైట్లు ఆక్రమిస్తుంది. ఆ సంగతి యంత్రానికి ఒక్క అమరికతో తెలిపి ఉంటే చాలును.

ఈ తెరల పుట్టుక తెలిస్తే పొరపాటు అర్థమవుతుంది. తొలుత యంత్రం జవాబులను కాగితపు చుట్టపై అచ్చు వేసేది. వెనుకటి సంగతి కావలసినవారు చుట్టను విప్పి చూసుకొనేవారు. గాజుతెర వచ్చిన తరువాత పైకి పోయిన వరుస పోయినట్లే. 1978లో వచ్చిన వీటీ-100 తెరకు 24 వరుసలు, వరుసకు 80 గడులు. ఆ ఏడే బర్క్‌లీలో డేనియల్ హాల్బర్ట్ అనే విద్యార్థి తెరతెరకు ఆగి చూపే 'మోర్'ను రచించినాడు. అది మొదట ముందుకే సాగేది. వెనుకకు కూడా మరలగల 'లెస్'ను 1983-85 మధ్య మార్క్ నూడెల్‌మన్ కూర్చినాడు. స్పేస్ మీట నొక్కితే ముందు పుట, 'బి' నొక్కితే వెనుక పుట. ఇంత సులువైనదానిని మన పిల్లలకు ఎవరూ చెప్పరు. ప్రోగ్రాము తప్పితే వారు అడుగున ఉన్న చివరి వరుసను చూసి బెదరిపోతారు. అసలు దోషం తరచుగా పైన, మొట్టమొదటి వరుసలోనే ఉంటుంది.

అమరిక సరిచేసినా బాధ తీరదు. గడికొక అక్షరమనే నియమం ఇంగ్లీషుకు కుట్టిన చొక్కా. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం. యంత్రానికి 6 సంకేతాలు, 18 బైట్లు. తెర మామూలు లెక్కలో 3 గడులు. వత్తులు చెదరి, కర్సరు ఒకచోట, అక్షరం మరొకచోట నిలుస్తాయి. ఉర్దూ గతి మరింత దీనం. కుడినుండి ఎడమకు నడిచే లిపిని అనేక తెరలు తలక్రిందులుగా పేర్చుతాయి. ఏటవాలుగా జారే నస్తాలీఖ్ ఏ గడిలోనూ ఒదగదు. దానిని అచ్చుకెక్కించడానికి 1981లో నూరీ నస్తాలీఖ్ కోసం అహ్మద్ మీర్జా జమీల్ వేలాది అక్షర సంయోగాలు వ్రాయవలసి వచ్చింది.

"అయితే ఇంగ్లీషు అక్షరాలలోనే వ్రాసుకొమ్మనండి" అని మా సహాధ్యాపకులొకరు సలహా ఇచ్చినారు. మేము అంగీకరించలేదు. ఉర్దూలో తే, అలిఫ్‌లతో వ్రాసిన తానా పడుగు. తోయ్, ఐన్‌లతో వ్రాసిన తానా ఎత్తిపొడుపు. ఇంగ్లీషులో వ్రాస్తే రెండూ ఒకటే. నేతగాని పడుగును ఎత్తిపొడుపుగా చదివే నిఘంటువు మనకెందుకు? మన తాతల భూముల సేత్వారులు ఉర్దూలో ఉన్నవి. వాటిని రేపు యంత్రంలో ఎక్కించవలసినవారు ఈ నాగర్‌కర్నూలు, వనపర్తి బిడ్డలే. రాజభవనంలో పాలిటెక్నిక్ పెట్టుకున్న వనపర్తి సీమకు యంత్రవిద్య కొత్తది కాదు. చెప్పే పద్ధతిలో మన భాషలను మరచినాము. ప్రయోగశాలలో మొదటి పాఠం ఒక తెలుగు ఫైలు, ఒక ఉర్దూ ఫైలు తెరచి, వెనుకకు ముందుకు జరిపి చూపడంతో ఆరంభం కావాలని మేము కోరుతున్నాము.

ఆ అమ్మాయి మళ్ళీ గద్వాలకు పోయి వచ్చింది. ఎక్కువ మాటలు చెప్పిన ముసలమ్మ అప్పటికే కూతురి ఊరికి వెళ్ళిపోయిందట. ఈసారి దొరికినవి 40.