ఉప్పుపర్రను ఇల్లుగా ఇచ్చిన దేవుడు



ఉప్పుపర్ర అనగానే పనికిరాని నేల అనే మనకు తోస్తుంది. చవుడు పట్టిన చోట విత్తనం మొలవదు, గోడ కట్టినా నిలవదు. యిర్మీయా 17వ అధ్యాయంలో ప్రవక్త కూడా దేవుణ్ణి విడిచి మనుష్యుణ్ణి నమ్ముకున్నవాడిని ఎవరూ కాపురముండని చవిటి భూమిలోని పొదతో పోల్చాడు. అందుకే మేము కూడా చాలా ఏళ్లు ఉప్పునేలను శాపానికి గుర్తుగానే బోధించాం.

అయితే యోబు గ్రంథం 39వ అధ్యాయం 5 నుండి 8 వచనాలు తీసి చూడండి. అడవిగాడిద కట్లు విప్పినది ఎవరని అక్కడ దేవుడే యోబును అడుగుతున్నాడు. ఉప్పుపర్రను దానికి నివాసంగా నియమించింది తానేనని చెబుతున్నాడు. మనం శాపమని దాటిపోయే నేలను ఆయన ఒక ప్రాణికి ఇల్లుగా రాసిచ్చాడు. ఈ మాట మాకు బాగా అర్థమైంది ఆఫ్రికాలోని ఒక ఉప్పుపర్ర గురించి తెలుసుకున్నప్పుడే.

బోట్స్వానా దేశంలో కలహారి ఎడారి అంచున మక్గాడిక్గాడి అనే చోటు ఉంది. వేల ఏళ్ల క్రితం అక్కడ పెద్ద సరస్సు ఉండేది. అది ఎండిపోయి, వేల చదరపు కిలోమీటర్ల మేర తెల్లని ఉప్పు పలకలు మిగిలాయి. ఎండాకాలంలో అక్కడ నిలబడితే నేల, ఆకాశం తప్ప కంటికి ఏమీ ఆనదు. నవంబరు దాటి వానలు పడితే మాత్రం అంతా మారిపోతుంది. ఉప్పు మీద పలుచగా నీరు నిలుస్తుంది. మట్టిలో నెలల తరబడి ఎండి పడి ఉన్న చిన్న రొయ్యల గుడ్లు పొదుగుతాయి. మన పులికాట్‌కు వచ్చే ఫ్లెమింగోల వంటివే అక్కడికీ వేలుగా వచ్చి, సువా అనే భాగంలో పిల్లలు చేస్తాయి. చుట్టూ ఉన్న మైదానాల్లో లేత గడ్డి లేస్తుంది. దాని కోసం జీబ్రాలు మందలుగా నడిచి వస్తాయి. జీబ్రా కూడా అడవిగాడిద కుటుంబానికి చెందినదే.

ఇక్కడే మేము చెప్పదలచిన సంగతి ఉంది. ఒకవాంగో డెల్టా నుండి మక్గాడిక్గాడికి జీబ్రాలు నడిచే దారి ఒకటి ఉండేది. రానుపోను 500 కిలోమీటర్లకు పైనే. 1968లో ఆ దారికి అడ్డంగా కంచె వేశారు. కంచె వేసినవారు దుర్మార్గులని మేము అనం. గాలికుంటు వస్తే ఇంట్లో ఎంత దుఃఖమో పశువులున్న మీకు తెలుసు. బోట్స్వానాలో చాలామందికి పశువులే ఆస్తి. అడవి గేదెల నుండి గాలికుంటు సోకితే యూరప్ వారు ఆ దేశపు మాంసం కొనరు. ఆ భయంతో దేశమంతటా ఇలాంటి కంచెలు లేచాయి. అయితే వాటి ఖరీదు కూడా చెప్పుకోవాలి. 1958లో వేసిన కూకే అనే కంచె దగ్గర, కరువు వచ్చిన ఏళ్లలో నీటి కోసం బయలుదేరిన విల్డ్‌బీస్ట్ అనే అడవి పశువులు తీగెలు దాటలేక వేలకొద్దీ చనిపోయాయి.

జీబ్రాల దారికి అడ్డంగా ఉన్న కంచెను 2004లో తీసేశారు. 36 ఏళ్లు గడిచాయి. అడవిలో జీబ్రా ఇరవై ఏళ్లు దాటి బతకడం అరుదు. అంటే పాత దారిలో నడిచిన జీబ్రా ఒక్కటి కూడా అప్పటికి మిగిలి ఉండదు. అయినా కొన్నేళ్లకే, పరిశోధకులు మెడపట్టీలు కట్టి గమనిస్తుంటే, వాటిలో కొన్ని వాననూ పచ్చికనూ వెంబడించి ఆ దారినే మక్గాడిక్గాడి చేరుకున్నాయి. వాటికి ఎవరూ దారి చూపలేదు. మనుషులు చేసిందల్లా అడ్డు తీయడమే. కట్లు విప్పినది ఎవరు అని దేవుడు అడిగిన ప్రశ్న ఇది చదివినప్పుడు మాకు కొత్తగా వినిపించింది.

ఇప్పుడు అక్కడికి ఎన్నో దేశాల నుండి సఫారీకి వస్తున్నారు. సఫారీ అంటే స్వాహిలీ భాషలో ప్రయాణం. మనం వినే సఫర్ అనే మాటకూ దానికీ మూలం ఒకటే. దేవుని సృష్టిని చూడడానికి వెళ్లడం తప్పని మేము చెప్పం. కీర్తనలు చదివేవాడు అలా చెప్పలేడు. అయితే డబ్బున్నవాడు జీపులో వచ్చి ఫోటో తీసుకుని వెళ్లిపోతే, పక్క ఊరివాడికి కంచె, కరువు మాత్రమే మిగలడం న్యాయం కాదని మా అభిప్రాయం. అలా కాకుండా జరిగిన చోటు కూడా అక్కడే ఉంది. సువా ఒడ్డున నాటాతో కలిపి నాలుగు ఊళ్లవారు తమ పశువులను తామే తోలుకుపోయి, పక్షులకు స్థలం విడిచిపెట్టారు. అదే నాటా పక్షుల అభయారణ్యం. అది ఆ ఊళ్ల చేతిలోనే ఉంది, దాని ఆదాయం ఆ ఊళ్లకే. పశువే ఆస్తి అయినవాడు ఆ పని చేయడం చిన్న త్యాగం కాదు.

ప్రియులారా, ఇక మన సంగతి. మన ప్రాంతంలో ఒకే ఊళ్లో రెండు పేటలకు రెండు మందిరాలున్నాయి, రెండు సమాధుల తోటలున్నాయి. ఆ కంచె ఎవరు ఎప్పుడు వేశారో మన పిల్లలకు తెలియదు. కారణాలు అడిగితే పెద్దలు నాలుగు చెబుతారు, వాటిలో కొన్ని ఆనాటికి నిజం కూడా కావచ్చు. కానీ ఎఫెసీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో మధ్య గోడను క్రీస్తే పడగొట్టాడని చదువుతూ, దాన్ని మళ్లీ కట్టుకుని కూర్చున్నాం. ఇందులో మా తప్పు కూడా ఉంది. గొడవ ఎందుకులే అని యౌవనస్థుల కూడికలు వేరువేరుగానే నడిపించాం. పిల్లలు కలవరని మేమే అనుకున్నాం, వాళ్లను ఒక్కసారైనా అడగలేదు.

కాబట్టి ఈ క్రిస్మస్‌కు రెండు పేటల యౌవనస్థుల కూడిక ఒకే చోట పెట్టాలని తీర్మానించుకున్నాం. పెద్దలలో కొందరికి ఇది ఇష్టం లేదని మాకు తెలుసు. వారి ఇంటికి మేమే వచ్చి మాట్లాడతాం. పిల్లలను కలపడానికి మనం పెద్దగా కష్టపడనక్కర్లేదు. అడ్డు తీస్తే వాళ్లే నడుస్తారు.

బోట్స్వానాలో పూలా అంటే వాన. వారి డబ్బుకూ అదే పేరు, దీవెనగా పలికేదీ అదే మాట. ఉప్పునేలలో బతికేవారికి దాని విలువ తెలుసు. మన చవుడు నేలల మీద కూడా ప్రభువు వాన కురిపించును గాక. మనం వేసిన కంచెలను మన చేతులతోనే తీసే ధైర్యం ఆయన మనకిచ్చును గాక. ఆమేన్.