వేసవి స్టూడియోకు బీదర్ దారి

వేసవి సెలవుల్లో నాలుగు నుంచి ఆరు వారాలపాటు విద్యార్థులను మరో దేశానికి తీసుకువెళ్లి, అక్కడ చిత్రలేఖనమో, ముద్రణో, శిల్పమో, మట్టిపనో చేతితో చేయించే పద్ధతి పాశ్చాత్య దేశాల్లో నూరేళ్లుగా ఉంది. కళాచరిత్ర పాఠం విని పరీక్ష రాసే చదువుకు భిన్నంగా, పనిగదిలో గురువు ఎదుట పదార్థంతో పెనుగులాడి నేర్చుకునే ఈ చదువును స్టూడియో ఆర్ట్ అంటారు. 1923లో పారిస్ సమీపాన ఫాంటెన్‌బ్లో రాజప్రాసాదంలో అమెరికన్ విద్యార్థుల కోసం లలితకళల వేసవి పాఠశాల మొదలైంది. 1953లో చిత్రకారుడు ఆస్కర్ కొకోష్కా ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ కోటలో, చూడటం నేర్పే బడి అని పేరు పెట్టి, మరొకటి ప్రారంభించాడు. నేడు అమెరికా విశ్వవిద్యాలయాలు ఏటా ఇటలీకి, ఫ్రాన్స్‌కు నడిపే కార్యక్రమాలు ఈ ఒరవడిలోనివే. వాటిలో చేసిన పనికి డిగ్రీలో కలిసే క్రెడిట్లు లభించడం మాత్రమే కొత్త. అక్కడ చదువుకునే తెలుగు పిల్లలకూ, వారి ఖర్చు భరించే తల్లిదండ్రులకూ ఈ వేసవి ప్రయాణాలు అపరిచితం కావు.

విదేశంలో కళాభ్యాసం అనగానే తెలుగువారికి ముందుగా గుర్తుకు రావలసిన పేరు కృష్ణారెడ్డి. 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, మద్రాసు కళాక్షేత్రంలో కొంతకాలం బోధించిన ఆయన లండన్ స్లేడ్ పాఠశాలలో హెన్రీ మూర్ వద్ద శిల్పం నేర్చుకుని, ఆ తరువాత పారిస్ చేరి, ఎస్.డబ్ల్యు. హేటర్ నడిపిన అటెలియే 17 అనే ముద్రణశాలలో స్థిరపడ్డారు. అక్కడ సాటి భారతీయుడు కైకో మోతీతో కలిసి ఆయన సాధించిన పద్ధతి ప్రపంచ ముద్రణకళలో పాఠ్యాంశమైంది. లోహపు పలకను వేర్వేరు లోతుల్లో చెక్కి, అవిసె నూనె పాళ్లు మార్చి ఒక సిరాను పలుచగా, మరొకదాన్ని చిక్కగా కలిపి, గట్టి రోలరుతో ఒకటి, మెత్తని రోలరుతో ఇంకొకటి ఎక్కిస్తారు. గట్టి రోలరు పలక పైభాగాన్నే తాకుతుంది, మెత్తనిది పల్లాల్లోకి దిగుతుంది, నూనె ఎక్కువున్న సిరా చిక్కటి సిరాను తన మీదికి రానివ్వదు కనుక రంగులు కలగాపులగం కాకుండా ఒకే పలక నుంచి ఒకే ఒత్తుతో పడతాయి. సిరా చిక్కదనాన్ని బట్టి నడిచే ఈ పద్ధతిని విస్కాసిటీ ముద్రణ అంటారు. 2018లో న్యూయార్క్‌లో కన్నుమూసే నాటికి కృష్ణారెడ్డి దగ్గర నేర్చుకున్నవారు ఎన్నో దేశాల్లో ఉన్నారు.

ఆ పద్ధతి ఆరు వారాల్లో పుట్టలేదన్నది చెప్పనక్కరలేని సంగతి. అయినా వేసవి చదువులను ఆ కారణంతో కొట్టిపారేయడం న్యాయం కాదు. కొకోష్కా తన వేసవి తరగతుల్లో నైపుణ్యం ఇస్తానని మాట ఇవ్వలేదు. కదులుతున్న మనిషిని ఎదుట పెట్టి, నీటిరంగులతో చకచకా వేయించి, విద్యార్థి కంటికి పట్టిన బద్ధకాన్ని వదిలించడమే ఆయన పెట్టుకున్న పని, దానికి కొన్ని వారాలు చాలు. చిక్కు వచ్చేది, మ్యూజియం టిక్కెట్లకూ వారాంతపు విహారాలకూ మధ్య మిగిలిన పూటల్లో అద్దె గదిలో బల్లలు వేసి, దానికి స్టూడియో అని పేరు పెట్టినప్పుడు. అటెలియే 17 విదేశీయులకు ఉపయోగపడిందంటే, వారు వచ్చినా రాకపోయినా అక్కడ పని నడుస్తూ ఉండటమే కారణం. కొత్తవాడు ఆ నడుస్తున్న పనిలోకి అడుగుపెట్టి, పక్కవాడి పలకను చూసి సగం, తన పలకను పాడుచేసుకుని సగం నేర్చుకున్నాడు. ఏ వేసవి కార్యక్రమం విలువనైనా, ఏ దేశానికి తీసుకువెళ్లిందన్న లెక్క పక్కన పెట్టి, విద్యార్థి తిరిగి వెళ్లిన మర్నాడు కూడా ఆ గదిలో పని జరుగుతుందా అన్న ప్రశ్నతో తూచాలి.

ఈ తూనికకు నిలిచే పనిశాలలు తెలంగాణలోని జహీరాబాద్‌కు ముప్పై కిలోమీటర్ల దూరంలో, కర్ణాటకలోని బీదర్‌లో ఉన్నాయి. 1956 దాకా జహీరాబాద్ హైదరాబాద్ రాష్ట్రంలోని బీదర్ జిల్లాలో తాలూకా. రాష్ట్రాల పునర్విభజనలో తాలూకా మెదక్ జిల్లాకు, బీదర్ పట్టణం మైసూరు రాష్ట్రానికి పోయాయి. ఊళ్ల మధ్య సంత, వియ్యం, ఉర్సు, జాతర యథాతథంగా సాగినా, విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికలు మాత్రం సరిహద్దును తుచ తప్పకుండా పాటించాయి. తెలంగాణలో చిత్రకళ చదివే విద్యార్థి ఫ్లారెన్స్ గురించి చదివినంతగా, నల్లని లోహంలో వెండి పొదిగే బీదరీ పని గురించి చదవడు.

బీదరీ పనిలో జింకు ఎక్కువగా, రాగి కొద్దిగా, సుమారు పదహారింటికి ఒకటి పాళ్లలో కరిగించి, ఆముదం, గుగ్గిలం కలిపిన మట్టి అచ్చులో పోత పోస్తారు. చల్లారిన పాత్రను ఆకురాయితో నునుపు చేసి, మైలుతుత్తం నీళ్లు రుద్ది తాత్కాలికంగా నలుపెక్కించి, దాని మీద గీత కనిపించేలా నమూనా గీసి, సన్నని ఉలితో గాడి చెక్కి, ఆ గాడిలో వెండి తీగను సుత్తితో కూరుస్తారు. తీగ కూర్చిన పనిని తారకషీ అనీ, రేకు తాపిన పనిని తైనిషాన్ అనీ పిలుస్తారు. చివరి ఘట్టం బీదర్ కోట మట్టిది. ఎండావానలు తగలని చోట తవ్వి తెచ్చిన ఆ మట్టిని చిటికెడు నాలుక మీద వేసుకుని రుచి చూసి, పనికొస్తుందో లేదో కారీగరు తేలుస్తాడు. నవాసారం కలిపి మరిగించిన ఆ మట్టినీళ్లలో పాత్రను ముంచితే లోహమంతా కాటుక నలుపుకు తిరుగుతుంది, వెండి మాత్రం తెల్లగానే నిలుస్తుంది. 2006లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ కళ వైపు, 2023లో బీదరీ కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి వచ్చిన పద్మశ్రీతో మరొకసారి దేశం దృష్టి మళ్లింది. పత్రికల్లో ఫొటోలు పడ్డాయి, పాఠ్యప్రణాళికలు కదలలేదు.

జహీరాబాద్‌ను మకాంగా చేసుకుని, బీదర్‌ను పనిశాలగా చేసుకుని వేసవి స్టూడియో నడపడానికి అడ్డంకులు కనిపించేటంత పెద్దవి కావు. వికారాబాద్ నుంచి పర్లీ వెళ్లే రైలు మార్గం రెండు ఊళ్లనూ కలుపుతుంది. దక్కనీ ఉర్దూ, కన్నడం, తెలుగు మూడూ సంతలో మాట్లాడే జహీరాబాద్ పిల్లవాడు విదేశీ విద్యార్థికీ ఉస్తాదుకూ మధ్య దుబాసిగా కూర్చోగలడు, కూర్చున్నందుకు తానూ పని నేర్చుకోగలడు. తమ పనిని బయటివారికి తామే చూపించడం కూడా ఈ ప్రాంతానికి అలవాటే: పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ ఆసరాతో కెమెరా పట్టిన దళిత రైతు మహిళలు సొంతంగా చిత్రాలు తీశారు, 2008 నుంచి మాచనూరులో సంఘం రేడియో నడిపారు. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం నిబంధనల ప్రకారం చేతిపనిలో 30 గంటలకు ఒక క్రెడిట్ కనుక, మూడు క్రెడిట్లకు 90 గంటలు. వారానికి ఆరు రోజుల చొప్పున నాలుగు వారాలంటే రోజుకు నాలుగు గంటలైనా పడదు. మిగిలిన పూట కోటలోనో, అష్టూరు బహమనీ సమాధుల గోడచిత్రాల ముందో గడపవచ్చు. ఋతువు మాత్రం ఆలోచించవలసిందే: మన వేసవి అయిన మే నెలలో కొలిమి ముందు కూర్చోబెట్టడం కొత్తవారికి శిక్ష, అమెరికన్ల వేసవి అయిన జూన్, జూలైలు ఇక్కడ వానాకాలం. పోతపని ఉస్తాదుకే వదిలి, చెక్కడం, తీగ కూర్చడం విద్యార్థులకు ఇస్తే రెండో కాలమే మేలు.

అసలు పేచీ వేరే చోట ఉంది. నెల రోజులు నేర్పే ఉస్తాదు ఆ నెల ఆర్డర్లు పోగొట్టుకుంటాడు. పండితసభలో శాలువా కప్పడం ఆ నష్టానికి పరిహారం కాదు. స్థానిక కళాకారులను, చేతిపనివారిని ఉన్నత విద్యాసంస్థల్లో బోధకులుగా తీసుకోవడానికి నిధుల సంఘం 2023లో మార్గదర్శకాలు ఇచ్చింది కాబట్టి, డిగ్రీ లేదన్న సాకు ఇక చెల్లదు. కార్యక్రమం తలపెట్టే విశ్వవిద్యాలయం మూడు సంగతులు ముందే కాగితం మీద పెట్టాలి: ఉస్తాదుకు అతిథి ఆచార్యునితో సమానమైన వేతనం, ఆయన నమూనాలను విద్యార్థులు తమ దేశంలో అచ్చు వేసి అమ్మకుండా నిషేధం, విద్యార్థి పనికి మార్కులు వేసే అధికారం. మూడోదానికి ఆచార్యులు ఎక్కువగా గింజుకుంటారు. గాడి లోతు చాలక తీగ ఊడిపోయిన పళ్లానికి ఎన్ని మార్కులు వేయాలో వారికంటే ఆయనకే బాగా తెలుసు.