అట్ట మీద బొమ్మ దండగా?

"అట్టకు రంగులేస్తే మార్కులొస్తాయా? ఆ గంట చదువుకోరాదూ!" బడిలో ప్రాజెక్టు పని ఇచ్చిన వారం చాలా ఇళ్లలో వినపడే మాట ఇది. ఆ వెంటనే నాన్న పిల్లల్ని తీసుకుని నెట్ సెంటరుకు బయల్దేరతాడు. పూల అంచు, ఇంద్రధనుస్సు అక్షరాల్లో టైటిలు, అడుగున రోల్ నంబరు. కలర్ ప్రింటు చేతికొచ్చేస్తుంది. టైము కలిసొచ్చిందని అందరికీ సంతోషం. నాకైతే ఇది తలకిందుల లెక్క.

ఆ ఫైలు విప్పి చూడండి. లోపలి పేజీలు గూగుల్ నుంచో గైడులోంచో దిగినవి. బొమ్మలు స్టేషనరీ షాపులో కొన్న చార్టులోంచి కత్తిరించి అంటించినవి. ముగింపు నిరుడు అక్క రాసుకున్నదే. పిల్లలు సొంతంగా ఆలోచించడానికి ఇక మిగిలింది అట్ట ఒక్కటే. మనం దండగని కొట్టేస్తున్నది సరిగ్గా దాన్నే.

'మూసీ కాలుష్యం' మీద ప్రాజెక్టు అనుకుందాం. పేరాలు ఎత్తి రాయడానికి నది ఎటు పారుతుందో కూడా తెలియక్కర్లేదు. బొమ్మ గియ్యాలంటే తెలియాలి. అనంతగిరి కొండల్లో పుట్టినప్పుడు ఆ నీళ్లది ఏ రంగు? హైదరాబాదు దాటాక ఏ రంగు? వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేసరికి? నీలం పెన్సిలు ఎక్కడ ఆపాలో గీసేవాళ్లే తేల్చుకోవాలి. మురుగు రంగు పెన్సిలు ఏ పెట్టెలోనూ ఉండదు. గోధుమ రంగు మీద ఆకుపచ్చ, ఆపైన కాస్త నలుపు వేసి దాన్ని పుట్టించుకోవాలి.

రంగు పెన్సిలు దగ్గర తొందర పనికిరాదు. దాని ములుకులో మైనం ఉంటుంది. మొదట్లోనే గట్టిగా నొక్కితే ఆ మైనం కాగితం గరుకును పూడ్చేస్తుంది. ఆపైన ఏ రంగు రుద్దినా పట్టదు, జారిపోతుంది. అందుకే పెన్సిలు పక్కకు వాల్చి పలచగా ఒక పూత, దాని మీద ఇంకోటి వెయ్యాలి. తప్పుపోతే రబ్బరుతో పూర్తిగా చెరగదు కూడా. కాబట్టి ముందే ఆలోచించి వెయ్యాలి.

మెరిసే అట్టకే మార్కులు పడతాయని, బీద పిల్లలు నష్టపోతారని ఒక వాదన ఉంది. కొట్టిపారేయదగ్గది కాదు. కానీ డబ్బులు కావలసింది గ్లిట్టరుకూ లామినేషనుకూ కలర్ ప్రింటుకూ. పన్నెండు పెన్సిళ్ల పెట్టె ఎన్ని అట్టలకైనా వస్తుంది. మెరుపుకు మార్కులేస్తే తప్పు వేసినవారిది, పెన్సిలుది కాదు.

1 నుంచి 10 తరగతుల దాకా కళతో ముడిపడిన ప్రాజెక్టు తప్పనిసరి అని సీబీఎస్‌ఈ 2020లోనే చెప్పింది. అది కాస్తా చాలా ఇళ్లలో అమ్మల నైట్ డ్యూటీ అయింది. అట్ట మీది వడ్డాది పాపయ్య బొమ్మ చూసి చందమామ పత్రిక కొన్న తాతయ్యలే ఇవాళ మనవరాలితో "అట్టదేముందమ్మా" అంటున్నారు! పైగా చాలా బడుల్లో డ్రాయింగు మాస్టారే లేరు.

టీచర్లు చెయ్యగలిగిన పని ఒకటుంది. మార్కులేసే ముందు అట్ట చూపించి, "ఈ బొమ్మే ఎందుకు వేశావు? ఇక్కడ ఈ రంగెందుకు?" అని అడగాలి. తనే వేసిన పిల్ల అడక్కపోయినా ఇంకా చెబుతుంది. అమ్మ వేసిచ్చిందయితే రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది. విషయం తెలిస్తేనే బొమ్మ వస్తుంది కాబట్టి, లోపలి పేజీల్లో ఎంత కాపీ ఉందో పట్టుకోవడానికి ఇంతకన్నా సులువైన దారి నాకు కనపడదు.