ఇంటికి సాక్ష్యము

2022వ సంవత్సరము సెప్టెంబరు 4వ తేదీ రాత్రి కురిసిన వానను బెంగుళూరు తూర్పు భాగమువారు ఇప్పట్లో మరువజాలరు. మరునాటి ఉదయము ఎనిమిదిన్నరతో ముగిసిన ఇరువదినాలుగు గంటలలో నగరమున 131.6 మిల్లీమీటర్ల వాన నమోదైనది. బెళ్ళందూరు, యమలూరు, సర్జాపుర రోడ్డు ప్రాంతములలో జనులను పడవలమీదను, ట్రాక్టర్లమీదను ఇండ్లనుండి తరలింపవలసి వచ్చినది. మన బ్రూక్‌ఫీల్డ్ కూడ ఆ మహదేవపుర ప్రాంతములోనిదే. మన చుట్టుపట్ల చెరువులన్నియు ఒకదానితో నొకటి ముడిపడినవి. బెళ్ళందూరు చెరువు నీరు వర్తూరు చెరువునకును, అచ్చటినుండి దక్షిణ పినాకినికిని పోవును. ఆ దారిలో ఎచ్చట అడ్డు తగిలినను నీరు ఇండ్ల గడపలను వెదకికొని వచ్చును.

ఆ వరద తీసిన తరువాత మా పరిచితుల యింట జరిగిన సంగతియే మమ్ము ఈ నాలుగు మాటలు వ్రాయుటకు పురికొల్పినది. వారు నేల అంతస్తున అద్దెకుండిరి. ఇంటి సామానునకు బీమా కూడ చేయించుకొనిరి. నీరు తగ్గగానే ఇల్లాలు బురద కడిగి, తడిసిన పరుపులను, ఉబ్బిపోయిన చెక్క బీరువాను బయట పారవేయించి, ఇల్లు శుభ్రము చేసినది. ఏ ఇల్లాలైనను చేయు పనియే అది. నాలుగు దినములకు సర్వేయరు వచ్చి చూచునప్పటికి కడిగిన గోడలు తప్ప అచ్చట మరేమియు లేదు. నీరు ఎంత ఎత్తు వచ్చినది, ఏ వస్తువు పోయినది, దాని వెల యెంత అని ఆయన అడిగిన ప్రశ్నలన్నిటికిని వారు నోటితోనే బదులు చెప్పవలసి వచ్చినది. తుదకు చేతికి వచ్చిన సొమ్ము, పోయినదానిలో నాలుగవ వంతైనను లేదు. వారు అబద్ధమాడలేదు. నిజము పలుకువానికి కూడ సాక్ష్యము కావలెనని మాత్రము వారికి ముందుగా తెలియలేదు.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని లాభము లేదు. సెల్‌ఫోను లేని యిల్లు నేడు అరుదు. అందుతో పండుగలను, పెండ్లిండ్లను వీడియో తీయుచున్నాము. ఏటికొకసారి, వానకాలమునకు ముందు, మన యింటిని కూడ వీడియో తీసి దాచుకొనవలెనని మా అభిప్రాయము. విడివిడి ఫోటోలకంటె వీడియో మేలు. వీధి తలుపునుండి వంటయింటి వరకు తెంపు లేకుండ తీసినచో, ఏ వస్తువు ఏ గదిలో ఉన్నదో, ఎట్టి స్థితిలో ఉన్నదో సందేహమునకు తావుండదు.

మొదట ఇంటి సంఖ్య కనబడునట్లు గుమ్మమును తీయవలెను. తరువాత ఒక్కొక్క గదిలో నాలుగు గోడలను, నేలను నిదానముగా చూపవలెను. బీరువా తలుపులు తెరచి తీయవలెను. ఫ్రిజ్జు, వాషింగు మెషీను, టీవీ వంటివాని వెనుకనుండు సంఖ్య చదువ వీలగునట్లు దగ్గరగా తీయవలెను. కొన్ననాటి బిల్లులను కూడ తీసి ఉంచవలెను. ఆ వీడియో ఆ ఫోనులోనే యుండిన, ఫోనుతోపాటు నీట మునుగును. కావున వేరొక ఊరిలోని బంధువునకు కూడ పంపి యుంచుట క్షేమము.

ఆపద వచ్చినప్పుడు మొదటి పని ప్రాణరక్షణము, వీడియో తరువాతిది. నీటిలో అడుగు పెట్టకముందే కరెంటు ఆగినదని తెలిసికొనవలెను. నీరు తీసిన పిమ్మట, చీపురు పట్టకముందు ఫోను పట్టవలెను. గోడమీది నీటి చారను కొలబద్ద ఆనించి తీయవలెను. పాడైన ప్రతి వస్తువును, తేదీని, సమయమును నోటితో చెప్పుచు చూపవలెను. బీమావారికి వెంటనే తెలుపవలెను. సర్వేయరు చూచువరకు దేనిని పారవేయరాదు. కుళ్ళి రోగము తెచ్చునట్టిదైనచో, వారితో చెప్పి, వీడియో తీసిన తరువాతనే తొలగింపవలెను. తీసిన వీడియోను కత్తిరింపక, మూలప్రతిని అట్లే ఉంచవలెను. ఎలక్ట్రానిక్ రూపమునందలి సాక్ష్యమును న్యాయస్థానములు అంగీకరించును. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము అందుకు నియమములను కూడ ఏర్పరచినది.

పేదవారికి బీమాతో ఏమి పని యని కొందరందురు. అది సరికాదు. హైదరాబాదున నెలకొన్న బీమా నియంత్రణ సంస్థ ఆదేశమున 2021 ఏప్రిల్ 1 నుండి భారత్ గృహ రక్ష అను పాలసీ అమలులోనికి వచ్చినది. ఇల్లు లేనివారు, అనగా అద్దెకుండువారు, సామానునకు మాత్రమే దీనిని తీసికొనవచ్చును. ఇంటికి బీమా చేసినవారికి, ఆ మొత్తములో నూటికి ఇరువది వంతు, 10 లక్షల రూపాయలకు మించకుండ, ఇంటి సామానునకు కూడ రక్షణ కలుగును. బీమావారి నిర్ణయము అన్యాయమని తోచినచో ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండ, వకీలు లేకుండ మొర పెట్టుకొనవచ్చును. ఆ కార్యాలయము బెంగుళూరులోనే కలదు. అయినను సాక్ష్యము లేనిదే ఆ మొరకు బలమెక్కడిది?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, నేల అంతస్తు మునిగిన ఇంటికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 25,000 రూపాయల సాయము ప్రకటించినది. అది ఆదుకొనుటకే గాని, పోయిన సామానంతటికి వెల కట్టుట కాదు. ఆ వెల రాబట్టుకొనుటకు బీమాయు, సాక్ష్యమును రెండును కావలెను.

పొరుగువారు కష్టములో నుండగా ఫోను పట్టుకొని తిరుగుట మర్యాద కాదని మరికొందరందురు. పరుల దుఃఖమును వేడుకగా తీయుట తప్పే. తన యింటిని తాను తీసి, పొరుగువారి యిల్లు వారి అనుమతితో తీసి ఇచ్చుట తప్పు కాదు, అది ఉపకారము. అయితే ఒక హెచ్చరిక. ఎప్పుడో చెడిన టీవీని తెచ్చి వరదనీట ముంచి చూపువాడు తన క్లెయిమును తానే పోగొట్టుకొనును. పైగా నిజముగా నష్టపడినవారినందరిని అనుమానమునకు గురిచేయును. సాక్ష్యము సత్యమునకు తోడు కావలెనే గాని అత్యాశకు పనిముట్టు కారాదు.

రాజకాలువలను పూడ్చి ఇండ్లు కట్టుచున్నంత కాలము వీడియోలు వరదను ఆపలేవు, బీమాయు ఆపలేదు. కాలువలను బాగు చేయుమని పురపాలకులను మనము అడుగుచునే యుండవలెను. గోడమీది నీటి చారను చూపు వీడియో ఆ అర్జీకి కూడ అక్కరకు వచ్చును.

ఈ పని మన విద్యార్థులకే తగినదని మేము తలచుటకు ఒక కారణము కలదు. మన ఇండ్లలో పెద్దలు తెలుగు మాటలాడుదురు. పాలసీ ఇంగ్లీషున ఉండును. వచ్చు సర్వేయరు కన్నడమునో, ఇంగ్లీషునో, హిందీనో మాటలాడును. తమ నష్టమును తమ భాషలో చక్కగా చెప్పగల తల్లి, ఆయన యెదుట మూగదగును. వీడియోకు భాష అక్కరలేదు. తల్లి తెలుగున చెప్పినది ఆయనకు చెప్పుటకు ఈ భాషలన్నియు నేర్చుచున్న బిడ్డ ప్రక్కనే యుండును. కావున సోదర సోదరీమణులారా, ఈ ఆదివారము ఒక అరగంట తీరిక చేసికొనుడు. అమ్మను వెంటబెట్టుకొని, గుమ్మమునుండి మొదలుపెట్టి, మీ యిల్లు ఒకసారి వీడియో తీయుడు. ఆ వీడియో అవసరము ఎన్నడును రాకుండుగాక.