మంట కనబడకముందే కబురందాలి

రైలు జంక్షనులోకి వస్తుండగానే సిబ్బంది పట్టాల పక్కన నిలబడి, కదిలే పెట్టెల ఇరుసుల వేడిని చేతిలోని పరికరంతో చూస్తారు. ఇరుసు కాలుతుంటే ఆ పెట్టెను పక్కకు తప్పిస్తారు. అంటుకునేదాకా ఆగరు. రైల్వే ఊరైన డోన్‌కు ఈ జాగ్రత్త కొత్త కాదు. ఇక్కడి నుంచి నంద్యాల మీదుగా గుంటూరు పోయే పట్టాలు నల్లమలను చీల్చుకుంటూ సాగుతాయి. ఆ అడవికి మాత్రం ఈపాటి కాపలా లేదు.

భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాలతో మంటలను గుర్తించి సిబ్బంది ఫోన్లకు సందేశాలు పంపుతోంది. మంచి పనే, కానీ చాలదు. ఉపగ్రహం రోజుకు కొన్నిసార్లే అటుగా పోతుంది. దాని చూపులో ఒక్కో గడి 375 మీటర్లు. ఎండుటాకుల కింద రాజుకునే నిప్పు దానికి ఆనదు. ఈలోగా బోదగడ్డి అంటుకుంటే గాలివాటున కొండ ఎక్కేస్తుంది. 2014 మార్చిలో శేషాచలం తగలబడినప్పుడు వాయుసేన హెలికాప్టర్లు నీళ్లు మోయాల్సి వచ్చింది.

చెట్టుకు కట్టే చిన్న సెన్సర్ పెట్టె ఈ లోటు తీర్చగలదు. వేడి, గాలిలో తేమ, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ మూడింటినీ అది కనిపెడుతుంది. సెల్ సిగ్నల్ లేకున్నా ఒక పెట్టె నుంచి మరో పెట్టెకు రేడియో ద్వారా కబురు చేరుతుంది. సీమ ఎండకు వేడి ఒక్కటే చూస్తే రోజూ ఉత్తుత్తి హెచ్చరికలే. మూడూ కలిపి చూస్తేనే నమ్మకం.

వేల చదరపు కిలోమీటర్ల అడవికి ఇన్ని పెట్టెలెక్కడివని అధికారులు అడగవచ్చు. అడవంతా అక్కర్లేదు. ఇక్కడి కార్చిచ్చులో ఎక్కువ భాగం మనిషి చేతి నిప్పే. ఆర్పకుండా వదిలిన వంట పొయ్యి, విసిరేసిన బీడీ ముక్క చాలు. కాబట్టి మనుషులు నడిచే దారుల్లోనే మొదలుపెట్టాలి: శివరాత్రికి భక్తులు శ్రీశైలం నడిచిపోయే వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు బాట, ఘాట్ రోడ్లు, రైలు మార్గం.

అయితే పెట్టె కబురు చెబుతుందే తప్ప మంట ఆర్పదు. పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పేది మనుషులే. ఆ అడవి దారులు చెంచులకు తెలిసినట్టు మరొకరికి తెలియవు. వారిని ఫైర్ వాచర్లుగా పెట్టుకుని నెలనెలా జీతం ఇవ్వకుండా పెట్టెలు మాత్రమే కొంటే, ఆ డబ్బు బూడిదలో పోసినట్టే.

నల్లమలలో మంటల కాలం శివరాత్రి నాటికే మొదలవుతుంది. వచ్చే శివరాత్రి బాటకు సెన్సర్లూ, వాచర్లూ ముందే చేరాలి. మంటలు లేచాక జరిపే సమీక్షలతో అడవికి పనిలేదు.